ఎవరు వండిరి? ఎట్లు వండిరి?

మన పట్టణములలో ఏ ఫలహారశాలకు పోయినను గల్లాపెట్టె వెనుక గోడమీద మూడు పటములు కనబడును. మొదటిది యజమాని ఇలవేలుపుది. రెండవది దుకాణము పెట్టిన పెద్దాయనది. దానికి గంధపుచెక్కల దండ ఉండును. మూడవది అద్దము బిగించిన ఒక కాగితము. దానికి దండ ఉండదు. దాని వంక చూచువారును ఉండరు. అది లైసెన్సు. "అప్పు రేపు" అను పలకనైనను చదువువారు కొందరు కలరు గాని, ఈ కాగితమును చదివి ఇడ్లీ తినువాడు అరుదు.

చదివినచో మాత్రము ఏమి తెలియును? యజమాని పేరు, దుకాణము చిరునామా, 14 అంకెల సంఖ్య, ఇట్టివే నాలుగు వివరములు. పిండి రుబ్బిన నీరు ఎక్కడిదో, నిన్న మిగిలిన సాంబారు ఏమైనదో, ప్లేట్లు ఎంతమంది ఎంగిలి కడిగిన తొట్టిలో మునిగి లేచినవో, వంటవానికి ఒంటిలో బాగున్నదో లేదో ఆ కాగితము చెప్పదు. దుకాణము ఒకటి ఉన్నదని మాత్రము చెప్పును. ఆ సంగతి చెప్పుటకు కాగితమేల? వాకిట నిలిచినవానికి అది కనబడుచునే యున్నది కదా! పేరు నమోదు చేసి రుసుము పుచ్చుకొనుటతో తన పని తీరినదని అధికారియు, రుసుము చెల్లించుటతో తన పని తీరినదని వర్తకుడును తలచినంతకాలము వారిద్దరి నడుమ తినువాడు దిక్కులేనివాడగును. లైసెన్సు ఇచ్చినవానిని, పుచ్చుకొన్నవానిని కూడ కట్టివేయు ఒప్పందముగా ఉండవలెననియు, ఆ ఒప్పందము నెరవేరినదా లేదా యను సంగతి తినువానికి వాకిటనే తెలియవలెననియు నా వాదము.

ఎవరు వండిరను ప్రశ్న మనకు పాతది. ఎట్లు వండిరను ప్రశ్న క్రొత్తది. పూర్వము మన ఊళ్ళలో "బ్రాహ్మణ భోజన హోటలు" అను పలకలు వ్రేలాడుచుండెడివి. తినవచ్చినవానికి ధైర్యము చెప్పుటకే ఆ పలక. వంటవాని కులము తెలిసినచో వంట శుచి తెలిసినట్లేయని లోకము నమ్మెను. జందెమును చూచిరి, గోళ్ళను ఎవరును చూడలేదు. మడికట్టుకొన్న చేతనే మురికినీరు పులుసులో కలియవచ్చునను ఊహ ఎవరికిని తట్టలేదు. మరియొక వైపున, చేతులు ఎంత శుభ్రముగా కడుగుకొన్నను కొందరికి టీకొట్టులో వేరు గ్లాసు, హోటలులో వాకిలి వెలుపలి చోటు తప్పలేదు. మడికిని శుభ్రతకును సంబంధము లేదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

1950 నాటి రాజ్యాంగము తన 15వ అధికరణమున దుకాణములలోనికి, హోటళ్ళలోనికి కులమును బట్టి ఎవరిని రానీయకుండరాదని శాసించినది. దానిని ఆచరణలో పెట్టుటకు వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టము 1955 జూన్ 1న అమలులోనికి వచ్చెను. చిత్రమేమన, 1954లో పార్లమెంటు చేసిన ఆహార కల్తీ నిరోధక చట్టము అమలులోనికి వచ్చినదియు ఆ 1955 జూన్ 1వ తేదీననే. ఒకే దినమున ఒక చట్టము "ఎవరు తినుచున్నారు, ఎవరు వండుచున్నారు అని అడుగరాదు" అనెను. మరియొక చట్టము "ఏమి పెట్టుచున్నారో అడుగవలెను" అనెను. ఆ రెండు చట్టములను ఎవరును జతగా చేయలేదు గాని, నాకు అవి కవలపిల్లలవలె కనబడుచున్నవి. మొదటి ప్రశ్నను మానుటకే మనము ఎంతో కాలము తీసికొంటిమి. ఈనాటికిని పూర్తిగా మానలేదు. రెండవ ప్రశ్నను అడుగుట ఇంకను సరిగా నేర్చుకొనలేదు.

పెద్ద నగరముల సంగతి పత్రికలలో తరచు వచ్చుచునే యున్నది. కనుక నేను వికారాబాదును, తాండూరును ఉదాహరణముగా తీసికొందును. వికారాబాదు 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లానుండి విడివడిన క్రొత్త జిల్లాకు కేంద్రమైనది. అంతకు మునుపే అది రైలు కూడలి. సికింద్రాబాదునుండి వాడీకి పోవు మార్గమునుండి పర్లీ మార్గము అక్కడనే చీలును. అనంతగిరి కొండలు ఊరి దాపుననే ఉన్నవి. ఒకప్పుడు క్షయరోగులు మంచిగాలి కొరకు ఆ కొండమీది ఆరోగ్యశాలకు వచ్చెడివారు. ఇప్పుడు సెలవునాడు ఆరోగ్యవంతులు కార్లలో వచ్చుచున్నారు. వారు గాక కలెక్టరు కచ్చేరికి అర్జీలతో వచ్చు పల్లెవారు, బస్సు మారువారు, రైలు దిగువారు. మధ్యాహ్నమగుసరికి వీరందరును ఎక్కడనో ఒకచోట కూర్చుండి తినవలసినవారే.

అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న తాండూరు తీరు వేరు. దాని నాపరాయి దూరదేశములలోని ఇండ్లకు కూడ నేలయైనది. వంటింటికి అంతకన్న మంచి నేల యుండదు. బిందెడు నీరు పోసి చీపురుతో త్రోసినచో తేటపడును. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించినది. రాతిగనులలో, పాలిషు యంత్రములకడ, సిమెంటు కర్మాగారములలో పనిచేయువారు, కందులు అమ్ముకొన వచ్చు రైతులు, కర్ణాటక సరిహద్దు దాటి వచ్చు వ్యాపారులు, లారీ డ్రైవర్లు ఆ ఊరి హోటళ్ళకు ఆధారము. వీరికి హోటలు విలాసము కాదు. అదియే వారి వంటిల్లు. ధనవంతుడు ఒక హోటలు నచ్చకున్న మరియొక హోటలునకు కారు మరల్చును. రాళ్ళు మోయువాడు పనిచోటికి దగ్గరగా నున్నదానికే పోవును. వానికి టైఫాయిడు వచ్చినచో వారముల తరబడి కూలి పోవును. కూలి పోయిన ఇంటికి అప్పు వచ్చును. కాబట్టి ఆహారశుభ్రత తీరికగల శ్రీమంతుల ముచ్చట కాదు. అది కూలివాని జీతమునకు సంబంధించిన మాట.

తినుబండారములమీద ప్రభుత్వపు కన్ను మన దేశమున క్రొత్తది కాదు. ధాన్యమునందు, నూనెయందు, ఉప్పునందు, మందులయందు హీనమైన దానిని కలిపి అమ్మినవానికి 12 పణముల దండనము విధింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పినది. 1954 నాటి చట్టమునకును ప్రధానమైన దృష్టి కల్తీమీదనే. పాలలో నీరు, నేతిలో డాల్డా, కారములో ఇటుకపొడి: దొంగను పట్టుకొనుట దాని పద్ధతి. కాని రోగము తెచ్చు ప్రతి వంటయు కల్తీవంట కాదు. మంచి బియ్యముతో, మంచి పప్పుతో, నిజాయితీగల మనిషి వండిన అన్నము కూడ మధ్యాహ్నమునుండి రాత్రివరకు గోరువెచ్చగా కూర్చున్నచో విషము కావచ్చును. వండిన పదార్థము 60 డిగ్రీల సెంటిగ్రేడుకు పైన వేడిగానైనను, 5 డిగ్రీలకు లోపు చల్లగానైనను ఉండవలెను. నడుమనున్న వేడి సూక్ష్మజీవులకు పుట్టినిల్లు. అనుకూలమైన చోట అవి ఇరువది నిమిషములకొకసారి రెట్టింపగును. అక్కడ దొంగ లేడు, మోసము లేదు. తెలియమి యున్నది, తీరిక లేమి యున్నది.

2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ఈ సత్యమును గ్రహించినది. 2011 ఆగస్టు 5న అది అమలులోనికి వచ్చుటతో పాత కల్తీ చట్టము తొలగెను. సరకుతో బాటు స్థలము, నీరు, మనిషి, పాత్ర, చెత్త అన్నియు దాని విచారణలోనికి వచ్చినవి. 2011 నాటి లైసెన్సు నిబంధనలు సంవత్సరమునకు 12 లక్షల రూపాయల లోపు వ్యాపారము చేయు చిన్నవారికి లైసెన్సు బదులు నమోదు చాలుననియు, దానికి ఏటికి 100 రూపాయలు రుసుమనియు నిర్ణయించినవి. టీకొట్టు, బజ్జీల బండి, మెస్సు, మిఠాయి అంగడి మొదలైన వానిలో అధికభాగము ఈ తరగతిలోనివే. ఆ నిబంధనలలోనే మరి రెండు మాటలు కలవు. నమోదు చేయు అధికారము పంచాయతీలోని, పురపాలక సంఘములోని ఉద్యోగికి కూడ ఇయ్యవచ్చుననునది ఒకటి. నమోదైన ప్రతి దుకాణమును సంవత్సరమునకు ఒక్కసారియైనను తనిఖీ చేయవలెననునది రెండవది. వంటవారికి ఏటేట వైద్యపరీక్ష, ఎడతెగని మంచినీరు, కడుగుటకు వీలైన నేల, మూతగల చెత్తబుట్ట ఇవన్నియు అనుబంధమున వ్రాసియే యున్నవి. కావున మనకు చట్టము కొరత లేదు. చట్టమునకు కాళ్ళు కావలెను.

ఆ కాళ్ళ సంగతి చూతము. వర్తక లైసెన్సు ఇచ్చునది పురపాలక సంఘము. ఆహార నమోదు జరుగునది వేరొక శాఖ క్రింద, కంప్యూటరు ద్వారా. చిన్న దుకాణదారులలో ఈ రెంటికిని భేదము తెలియనివారు అనేకులు. ఒకటి యున్నచో రెండవది యున్నట్లే తలచువారును కలరు. 2006 చట్టము ఆహార భద్రతా పరిపాలనమును జిల్లా అధికారి చేతిలో పెట్టినది. ప్రతి ఉదయము వీధులు తిరిగి, ఏ మురుగుకాలువ ఏ హోటలు వెనుక పొంగినదో ఎరిగిన పారిశుధ్య ఉద్యోగి మాత్రము పురపాలక సంఘమువాడు. ఎరిగినవానికి అధికారము లేదు. అధికారము గలవానికి అన్ని వీధులు ఎరుగుటకు వీలు లేదు. ఇంటి తాళము ఒకరి వద్ద, తాళపుచెవి మరియొకరి వద్ద ఉన్నట్లున్నది మన ఏర్పాటు.

అధికారి వచ్చి నమూనా తీసినను దాని ప్రయాణము దీర్ఘమైనది. చట్టము ప్రకారము ఆయన సరకునకు అంగడిధర చెల్లించి, నమూనాను నాలుగు భాగములు చేసి, ముద్రవేసి, ఒక భాగమును పరీక్షకు పంపవలెను. రాష్ట్ర ఆహార ప్రయోగశాల హైదరాబాదు నాచారములో నున్నది. తాండూరునుండి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. పరీక్షకునికి 14 దినముల గడువు. పప్పునకు, నూనెకు, కారమునకు ఈ పద్ధతి తగినదే. పైగా తాండూరువంటి ఊరికి అత్యవసరము. కందిపప్పునకు రంగు తెచ్చుటకు మెటానిల్ ఎల్లో అను విషపు పసుపు పూయువారు, కందిపప్పులో కేసరిపప్పు కలుపువారు దేశమున లేకపోలేదు. కేసరిపప్పును ఎక్కువగా చాలకాలము తిన్నవారికి కాళ్ళు చచ్చుబడును. 2011 నాటి నిబంధనలు దాని అమ్మకమును నిషేధించినవి. తాండూరు కంది పేరు నిలువవలెనన్న తాండూరు అంగడిలోనే ముందు పరీక్ష గట్టిగా జరుగవలెను. కాని ఇడ్లీ 14 దినములు ఆగదు. వంటింటి శుభ్రతను సీసాలో పోసి నాచారము పంపలేము. దానిని పరీక్షించు యంత్రము మనిషి కన్ను. ఆ కన్ను ఆ ఊరిలోనే ఉండవలెను, మాటిమాటికి పడవలెను, చూచినదానిని వ్రాయవలెను.

ఇక నీటి సంగతి. 2022 జూలైలో రాష్ట్ర ప్రజారోగ్య సంచాలకులు టైఫాయిడును పానీపూరీల వ్యాధి యని చెప్పినప్పుడు పత్రికలన్నియు ఆ మాటను పెద్ద అక్షరములతో అచ్చువేసినవి. హెచ్చరిక అవసరమైనదే. కాని పూరీ నూనెలో కాగి వచ్చినది. దానిలో టైఫాయిడు లేదు. నేరము నీటిది. ఆ నీరు బండివానికి ఎక్కడనుండి వచ్చినది? వాడు ఉదయము ఏదో కుళాయివద్ద రెండు డబ్బాలు నింపుకొనును. రాత్రివరకు ఆ రెండు డబ్బాలే త్రాగుటకు, కలుపుటకు, చేతులు కడుగుటకు, గిన్నె తొలుచుటకు. అతనిని శుభ్రముగా ఉండుమని శాసించుట సులభము. శుభ్రత నీటితో అగును గాని శాసనముతో కాదు. 2014 నాటి వీధి విక్రేతల చట్టము ప్రతి పట్టణమునకు ఒక విక్రయ సంఘము ఉండవలెననియు, దానిలో విక్రేతల ప్రతినిధులు నూటికి 40 మందికి తక్కువ కాకుండ ఉండవలెననియు చెప్పినది. ఆ సంఘము కూర్చుండి బండ్ల వరుస ఎక్కడ, కుళాయి ఎక్కడ, మురుగు పోవు దారి ఎక్కడ, చెత్తబండి ఏ వేళకు అని నిర్ణయించిననాడు పానీపూరీ నిరపాయమగును. ఆ సౌకర్యములను కల్పింపని ఊరు బండివానిని శిక్షించుట, ఎద్దునకు గడ్డివేయక అరక లాగలేదని కొట్టుటవంటిది.

అందువలననే లైసెన్సును ఇరువైపుల ఒప్పందమంటిని. వర్తకుడు మూత పెట్టెదనని, చేతులు కడుగుకొందునని, మిగిలినదానిని మరునాడు వడ్డింపనని మాట ఇయ్యవలెను. ఊరు అతనికి మంచినీరు ఇత్తునని, మురుగు నిలువనీయనని, చెత్త ఎత్తింతునని, ఏడాదికొకసారి తప్పక వచ్చి చూతునని మాట ఇయ్యవలెను. ఒకరు మాట తప్పినచో శిక్షయు, మరియొకరు తప్పినచో మౌనమును ఉన్న ఒప్పందము ఒప్పందము కాదు.

దీనికి ఒక ఆక్షేపణ వచ్చును. "అయ్యా, మీరు తనిఖీలు పెంచుమనుచున్నారు. తనిఖీ పెరిగినచో మామూళ్ళు పెరుగును. పెద్ద హోటలువాడు ఇచ్చి తప్పించుకొనును, చిన్న బండివాడు ఇచ్చుకొనలేక మునుగును" అని. ఈ మాటను నేను తేలికగా త్రోసివేయను; అనుభవమునుండి పుట్టిన మాట అది. కాని చట్టమునే చదువుదము. 32వ సెక్షను ప్రకారము లోపము కనబడినచో అధికారి మొదట దిద్దుబాటు నోటీసు ఇయ్యవలెను. ఏమి లోపము, దానిని ఎట్లు సరిచేయవలెను అని అందులో వ్రాసి, 14 దినములకు తక్కువకాని గడువు ఇయ్యవలెను. అప్పటికిని వినకున్ననే లైసెన్సు నిలుపుట, పిమ్మట రద్దు. వర్తకుని అకారణముగా వేధించిన అధికారికి లక్ష రూపాయల వరకు దండుగ వేయవచ్చునని 39వ సెక్షను చెప్పుచున్నది. చట్టము బెత్తము పట్టుకొన్న పంతులుగా గాక పాఠము చెప్పు పంతులుగా ఉండగోరినది. ఆ పాఠము తెలుగులో, చిన్న అక్షరములలో గాక పెద్ద అక్షరములలో, దుకాణదారు చేతికి అందలేదు. లోపము అక్కడ నున్నది.

మామూళ్ళకు అసలు మందు వేరొకటి కలదు. లంచమునకు మూలధనము రహస్యము. తాను చూచినది తనకును దుకాణదారునకును మాత్రమే తెలిసినప్పుడు అధికారి మౌనమునకు వెల ఏర్పడును. చూచినది ఆ సాయంత్రమే వాకిటిమీద అందరు చదువునట్లు అంటింపబడినచో అమ్ముటకు మౌనమే మిగులదు. ఇది నేను కల్పించిన ఉపాయము కాదు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ 1998లో తనిఖీ ఫలితమును ఏ, బీ, సీ అను అక్షరములుగా హోటళ్ళ వాకిట పెట్టించినది. న్యూయార్కు నగరము 2010లో ఆ దారి పట్టినది. బ్రిటనులో సున్న మొదలు 5 వరకు మార్కులు. వేల్సులో 2013 నవంబరునుండి ఆ మార్కులను వాకిట చూపుట తప్పనిసరి యైనది. మన దేశపు ఆహార భద్రతా సంస్థ కూడ శుభ్రతకు మార్కులిచ్చు పథకమొకటి పెట్టినది గాని, అది ఇష్టమున్నవారు కోరి చేరు పథకముగా వచ్చినది. ఇష్టమున్నవాడు సామాన్యముగా శుభ్రముగా నున్నవాడే. పరీక్షకు మొదటి వరుసలో కూర్చుండువాడు బాగుగా చదివిన పిల్లవాడే కదా!

2024లో హైదరాబాదు హోటళ్ళమీద వరుసగా దాడులు జరిగినవి. పేరుమోసిన హోటళ్ళ వంటిండ్ల సంగతులు బయటపడి జనము ముక్కుమీద వేలు వేసికొనిరి. ఆ అక్టోబరులో మోమోలు తిని పలువురు అస్వస్థులై, ఒక స్త్రీ మరణించిన పిదప ప్రభుత్వము పచ్చిగ్రుడ్లతో చేయు మయొనైజును అక్టోబరు 30నుండి ఒక సంవత్సరము నిషేధించినది. ఆ చర్యలను నేను తప్పుపట్టను. అయినను దాడి వేరు, తనిఖీ వేరు. దాడి పండుగవంటిది, వచ్చును, పోవును. తనిఖీ రోజువారి దీపారాధనవంటిది. చప్పుడు ఉండదు, మానరాదు. దాడి జరిగిన వారము నగరము భయపడును. ఆ భయము వికారాబాదు స్టేషనువరకైనను రాకమునుపే చల్లారును. చిన్నపట్టణమునకు వలసినది భయము కాదు, అలవాటు.

ఈ రెండు పట్టణములలో చేయదగిన పనులు నాకు తోచినంతలో నాలుగు. మొదటిది: నమోదు, ఏటి తనిఖీ అను రెండు పనులను, నిబంధన అనుమతించినట్లు, శిక్షణ పొందిన పురపాలక ఉద్యోగికి అప్పగించి, నమూనాలు, శిక్షలు జిల్లా అధికారి చేతిలోనే ఉంచుట. రెండవది: తనిఖీ ఫలితమును తెలుగులోను, ఉర్దూలోను, తాండూరులో కన్నడములోను కూడ ఒక పుట పలకగా వాకిట కట్టించుట, నీరు, చేతులు, మిగులు, నూనె, చెత్త అను అయిదు మాటలకు ఎదుట బాగు, మధ్యమము, బాగులేదు అని వ్రాసిన చాలును. మూడవది: అదే పలకమీద ఊరి బాధ్యతను కూడ వ్రాయుట, కుళాయి ఉన్నదా, మురుగు పారుచున్నదా, చెత్తబండి వచ్చుచున్నదా అని. నాలుగవది: వంటవారికి ఏడాదికొక దినము పని మాన్పించి, ఆనాటి కూలి నష్టము కాకుండ, వైద్యపరీక్షయు శిక్షణయు ఒకేచోట జరిపించుట. వీనికి క్రొత్త చట్టము అక్కరలేదు; పలకకు పెట్టు ఖర్చు ఒక పూట భోజనమునకు మించదు.

తినువారి బాధ్యతను మరచుట న్యాయము కాదు. చట్టము 40వ సెక్షనులో సామాన్యుడైన కొనుగోలుదారు కూడ రుసుము చెల్లించి తాను కొన్న పదార్థమును పరీక్ష చేయించుకొనవచ్చునని హక్కు ఇచ్చినది. పదార్థము చెడ్డదని తేలినచో ఆ రుసుము తిరిగి వచ్చును. అంత దూరము పోనక్కరలేదు. "బాబూ, నీరు కాచినదేనా?" అని మర్యాదగా అడుగుటకు ఏ సెక్షనును అక్కరలేదు. నల్లబడి, నురుగు కట్టి, పొగ చిమ్ము నూనెలో బజ్జీలు వేగుచున్నప్పుడు అర్ధరూపాయి చవుకని అక్కడనే నిలుచుట మానుదము. నూనెను మాటిమాటికి కాచినందున పుట్టు చెడుపదార్థములు నూటికి 25 పాళ్ళు మించరాదను నియమము 2018 జూలై 1నుండి కలదు. దానిని కొలుచు పరికరము మనవద్ద లేకపోయినను కన్ను, ముక్కు ఉన్నవి. మరియొక మనవి. అచ్చుకాగితములో తినుబండారములు చుట్టవద్దని, సిరాలోని విషపదార్థములు ఆహారమునకు అంటునని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించినది. ఈ వ్యాసము గల పుటలోనే రేపు సాయంత్రము ఎవరైన మిరపకాయ బజ్జీలు కట్టి ఇచ్చినచో పాఠకులు దయయుంచి వద్దనవలెను. నా వాక్యములు తలకెక్కవలెను గాని కడుపులోనికి పోరాదు.

అనంతగిరిలో మూసీనది పుట్టును. పుట్టినచోట అది తేటనీరు. నూరు చేతులు దాటి నగరము చేరుసరికి ఏమగునో అందరెరుగుదురు. మన అన్నపు కథయు అట్టిదే. తాండూరు చేనిలో కంది నిర్మలముగనే పుట్టుచున్నది. చేనికిని పళ్ళెమునకును నడుమ ఎన్ని చేతులు, ఎన్ని నీళ్ళు, ఎన్ని పాత్రలు! ఆ నడిమిదారిని కాచుటకే పురపాలక సంఘము, అధికారి, చట్టము ఉన్నవి. రాతిగనిలో ప్రొద్దుననుండి సుత్తెవేసిన మనిషి పన్నెండు గంటలకు దుమ్ముకొట్టిన చేతితో తన కూలిలో కొంత ఇచ్చి పప్పన్నము కొనుచున్నాడు. అతడు వంటింటిలోనికి తొంగిచూడలేడు. చూచుటకు అతనికి వ్యవధి లేదు. అతని బదులు చూచుటకు ఊరు ఒకరిని నియమించినది, వారికి జీతము ఇచ్చుచున్నది. వారు చూచిరా, ఏమి చూచిరి అని తెలిసికొనుట ఆ మనిషికి ఎవరును చేయు ఉపకారము కాదు. అతడు పప్పన్నముతో బాటు వెల యిచ్చి కొన్న హక్కు అది.